మా పెద్దమ్మకు తగిలించిన విశేషణం

క్వెరులస్ అని ఇంగ్లీషులో ఒక విశేషణం ఉంది. పేపర్లో కనపడదు, టీవీలో వినపడదు, కాన్వెంటులో చదివే పిల్లలు కూడా దాని మొహం చూసి ఉండరు. ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతుకుతున్న నేను కూడా దాన్ని పుస్తకాల్లో తప్ప బయట ఎక్కడా చూడలేదు. అలాంటి మాటను ఒక ఆఫీసరు వెతికి పట్టుకుని మా పెద్దమ్మకు తగిలించాడు. ఆ రాసినవాడిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తప్పు అతనొక్కడిదే అయితే ఇంత ఓపికగా కూర్చుని రాసేదాన్ని కాదు, నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని.

పెద్దమ్మ అంటే మా అమ్మ తోడబుట్టిన అక్క. డెబ్బై దాటింది. బెల్లంకొండ దగ్గర పల్లెలో రెండున్నర ఎకరాలు ఇప్పటికీ తనే చేసుకుంటుంది. పెదనాన్న పోయాక చేను కౌలుకు ఇచ్చెయ్యమని బంధువులంతా చెప్పారు. నా చేలో ఇంకొకరు మిరప వేస్తే నేను గట్టు మీద కూర్చుని ఏం చెయ్యాలి అని అందరినీ ఎదురు అడిగింది. మనిషి బక్కపలచగా ఉంటుంది గానీ గొంతు మాత్రం పెద్దది. కాలవకు ఇవతల నిలబడి మాట్లాడితే అవతల మేస్తున్న గొర్రెలు తలెత్తి చూస్తాయి. సంతకం చెయ్యడం వచ్చు, అంతకు మించి అక్షరాలు రావు.

ఆమె చేను సాగర్ కాలవ కింద చిట్టచివరిది. పెద్ద కాలవ నుంచి మేజరు, మేజరు నుంచి మైనరు, మైనరు పొడవునా వరసగా తూములు. ఏ తూముకు ఏ రోజు నీళ్ళు వదలాలో వారబందీ అనే వంతుల లెక్క ప్రకారం ఆఫీసులో రాసి పెట్టి ఉంటుంది. ఆ రాతంతా గోడకు అంటించడానికే. కాలవ గట్టు మీద జరిగేది వేరు. పైన ఉన్నవాళ్ళు తమ వంతు కాని రోజున కూడా కాలవలోకి మోటార్లు దించుతారు. పెద్దమ్మ వంతు వచ్చేసరికి అడుగున బురద, ఆ బురదలో నాలుగు కప్పలు మిగులుతాయి. మోటార్లలో ఎక్కువ భాగం ఒకప్పుడు సర్పంచిగా చేసిన ఆయనవి. ఆయన పెద్దమ్మకు మరిది వరస, నాకు బాబాయి. పెళ్ళిళ్ళలో ఒకే వరసలో కూర్చుని భోంచేస్తాం, మిరప తోట ఎట్టా ఉంది వదినా అని ఆయనే అడుగుతాడు కూడా.

పెద్దమ్మ అర్జీలు పెట్టడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. జిరాక్సు షాపులో రాయించుకోవడం, బస్సెక్కి కాలవల ఆఫీసుకు పోవడం, అక్కడ టపా గుమాస్తా చేతిలో పెట్టి ముద్ర వేయించుకుని రావడం. ఆమె చెప్పింది ఎప్పుడూ ఒక్కటే సంగతి. నా వంతు నీళ్ళు నాకు రావడం లేదు. ఆ ఒక్క సంగతినే మళ్ళీ మళ్ళీ చెప్పింది, ఎందుకంటే మళ్ళీ మళ్ళీ నీళ్ళు రాలేదు. ఇందులో అర్థం కానిదేముందో నాకు ఇప్పటికీ తెలియదు.

పోయిన కార్తీకమాసంలో ఆమె పేరు మీద రిజిస్టరు పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో టైపు చేసి, కింద సంతకం, ముద్ర అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఇక్కడ మావాళ్ళ నమ్మకం ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా పల్లెల్లో తెలుగులో వచ్చే సర్కారు కాగితం అంటే నోటీసు. పన్ను కట్టమనో, కరెంటు పీకేస్తామనో, ఏదో ఒక బెదిరింపు. ఇంగ్లీషులో వచ్చే కాగితం అంటే ఆర్డరు. ఉద్యోగం ఆర్డరు ఇంగ్లీషులో వస్తుంది, కోర్టు ఆర్డరు ఇంగ్లీషులో వస్తుంది, కాబట్టి ఇంగ్లీషు వచ్చిందంటే పని అయినట్టే. ఈ నమ్మకాన్ని ఎవరూ నేర్పలేదు, పుట్టుకతోనే వస్తుంది. నా ఉద్యోగానికి మా ఊళ్ళో అంత మర్యాద ఉండటానికి కారణం కూడా అదే.

ఆ ఉత్తరం పట్టుకుని పెద్దమ్మ ఒక ఆదివారం మధ్యాహ్నం సత్తెనపల్లిలో మా ఇంటికి వచ్చింది. ఫోనుతో ఫొటో తీస్తే అర్థం చెప్పే రోజులివి. ఊళ్ళో ఏ కుర్రాడిని అడిగినా ఆ పని చేసి పెట్టేవాడు. మా పిల్ల ఇంగ్లీషు టీచరై ఉండగా ఊళ్ళో వాళ్ళతో ఎందుకు చదివించుకోవాలి అని రెండు బస్సులు మారి వచ్చింది. అప్పుడు మా ఇంట్లో అత్తగారు, ఆడబిడ్డ, ఆమె భర్త భోజనాలకు కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ గుమ్మంలోనే చెప్పులు విడిచి, ప్లాస్టిక్ కవరులోంచి ఉత్తరం తీసి, అందరూ చూసేట్టు నా చేతికిచ్చింది. కాలవల ఆఫీసు నుంచి తన పేరు మీద ఇంగ్లీషులో వచ్చిందని మా అత్తగారికి వినపడేలా చెప్పింది.

నేను చదివాను. మూడో వాక్యంలో ఆ మాట ఉంది. అది కళ్ళబడగానే నాకు మొదట కలిగింది సంతోషం. అబద్ధమెందుకు చెప్పాలి. డిగ్రీలో ఎప్పుడో నేర్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని బట్టీ పట్టిన మాట, ఇన్నాళ్ళకు బెల్లంకొండ పక్క పల్లెకు వచ్చిన ఉత్తరంలో కనపడింది. నాకు తెలుసు ఈ మాట, ఇక్కడున్న ఎవరికీ తెలియదు అని ఒక క్షణం మురిసిపోయాను. ఆ క్షణాన్ని తలుచుకుంటే నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఉత్తరంలో ఉన్నది ఇదీ. అర్జీదారు క్వెరులస్ స్వభావం గల వ్యక్తి. అంటే ఊరికే సణుగుతూ, ఉన్నదానికీ లేనిదానికీ ఏడుపు గొంతుతో ఫిర్యాదులు చేస్తూ ఉండే మనిషి. విచారణలో చివరి భూములకు నీళ్ళు సక్రమంగా అందుతున్నట్టు తేలింది. అందువల్ల అర్జీ మూసివేయడమైనది. అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో ఇంకొక వాక్యం. ఈ నిర్ణయం మీద అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

"ఏం రాశాడే?" అని అడిగింది పెద్దమ్మ.

"నీ బాధ వాళ్ళకు అందింది పెద్దమ్మా. గట్టిగా చెప్పావని రాశారు. నమోదు చేసుకున్నారంట."

"మరి నీళ్ళు?"

"చూస్తారంట."

ఆమె మొహం విప్పారింది. మా అత్తగారి వైపు తిరిగి, మూడేళ్ళ నుంచి తిరిగినందుకు ఇన్నాళ్ళకు ఒక మంచి ఆఫీసరు దొరికాడని చెప్పింది. మజ్జిగ తాగి, ఉత్తరాన్ని మడత నలగకుండా కవర్లో పెట్టుకుని బస్సుకు వెళ్ళిపోయింది.

పాపం ముసలావిడ మనసు కష్టపెట్టడం ఎందుకని అలా చెప్పానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, మా అత్తగారి ముందు, ఆడబిడ్డ ముందు, మా పెద్దమ్మను ఆఫీసువాళ్ళు సణుగుడు మనిషి అన్నారని నేను చదవలేకపోయాను. మా అత్తగారు పెద్దమ్మను ఆ మాటే అంటుంది, కాకపోతే తెలుగులో అంటుంది. మీ పెద్దమ్మ వచ్చిందంటే కాలవ కథ మొదలు అని నవ్వుతుంది. ఆ నవ్వుకు ఒక సర్కారు ముద్ర కూడా దొరకడం నాకు ఇష్టం లేకపోయింది. పెద్దమ్మ పరువు కంటే ఎక్కువగా నా పరువు చూసుకున్నాను. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు అప్పీలు సంగతి చెబుదాంలే అనుకున్నాను. తర్వాత స్కూల్లో పరీక్షలు, పేపర్లు దిద్దడం, ఆన్‌లైన్లో మార్కులు ఎక్కించడం. ముప్పై రోజులు ఎలా పోయాయో నాకు తెలియదు అంటే అది కూడా అబద్ధమే. పోతున్నాయని తెలుస్తూనే ఉంది.

ఉత్తరం చదివిన మర్నాడు సోమవారం నేను చేసిన పని ఇంకా ఘోరం. నేను రోజూ బస్సులో పోయి పాఠాలు చెప్పే స్కూలు పెద్దమ్మ ఊరికి దగ్గర్లోనే ఉంది. దాని వరండా గోడకు ఒక నల్లబల్ల ఉంది. ప్రార్థన అయ్యాక రోజూ దాని మీద ఒక కొత్త ఇంగ్లీషు మాట రాసి, అర్థం చెప్పి, వాక్యంలో ఎలా వాడాలో చూపించాలి. వర్డ్ ఆఫ్ ది డే అంటారు. పిల్లలు నోటు పుస్తకాల్లో రాసుకుంటారు. ఆ రోజు నేను రాసింది క్వెరులస్. తాజాగా తలలో ఉంది కదా. పక్కన తెలుగులో ఊరికే సణిగే, నస పెట్టే అని రాశాను. కింద ఇంగ్లీషులో వాక్యం: ముసలావిడ క్వెరులస్ గొంతుతో ఫిర్యాదు చేసింది. పిల్లలంతా గొంతెత్తి రెండుసార్లు చెప్పారు. అందులో సగం మంది పెద్దమ్మ ఊరి నుంచి నడిచి వచ్చే పిల్లలే. మా పెద్దమ్మకు చెప్పని అర్థాన్ని ఆమె ఊరి పిల్లలందరికీ చెప్పి, ఉదాహరణతో సహా రాయించి, గంట కొట్టగానే క్లాసుకు వెళ్ళిపోయాను.

ఆ నెల రోజులూ పెద్దమ్మ ఒక్క అర్జీ కూడా పెట్టలేదు. ఆర్డరు వచ్చాక అర్జీ ఎందుకు? రెండు వంతులు నీళ్ళు రాకుండానే పోయాయి. ఆఫీసంటే ఆలస్యం ఉంటుంది, రాసి ఇచ్చాడు కదా, వస్తాయి అని ఊళ్ళోవాళ్ళకు తనే నచ్చజెప్పింది. జన్మలో మొదటిసారి ఓపిక పట్టింది. మిరప అప్పుడు పూత మీద ఉంది. తడి అందకపోతే పూత నిలవదని ఆమెకు ఒకరు చెప్పాలా?

మూడో వంతు దగ్గర పడుతుండగా ఆమె ఆ ఉత్తరాన్ని జిరాక్సు షాపుకు తీసుకుపోయి లామినేషన్ చేయించింది. దాన్ని పట్టుకుని కాలవ గట్టు మీదికి వెళ్ళి లస్కరు ముందు నిలబడింది. లస్కరు అంటే తూములు ఎత్తి దించే మనిషి, కాలవ ఉద్యోగుల్లో అందరికంటే కింది వాడు. అతనికీ ఇంగ్లీషు రాదు. మెరిసే కాగితం, ముద్ర, సంతకం చూశాడు. ఇంగ్లీషు ఆర్డరు, నీ వంతు రోజున మోటార్లు తీయించి నీళ్ళు వదలమని ఉంది అని పెద్దమ్మ చెప్పింది. ఆమె అబద్ధం చెప్పలేదు, చూస్తారంట అని నేనన్న మాటను ఆర్డరుగా నమ్మి చెప్పింది. లస్కరు భయపడి పై తూములు దించి మూసేశాడు. మోటార్లు ఆపించాడు. ఆ రోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పెద్దమ్మ చేలోకి నీళ్ళు వచ్చాయి. మూడేళ్ళలో కాలవ నీళ్ళు ఆ సాళ్ళలోకి రావడం అదే మొదటిసారి. సగం చేను తడిసింది.

తర్వాత జరిగింది నేను చూడలేదు. లస్కరు చెప్పాడు, ఊళ్ళో ఇంకా నలుగురు చెప్పారు, అందరూ ఒకేలా చెప్పారు కాబట్టి నమ్ముతున్నాను. బాబాయి ఆఫీసుకు ఫోన్ చేసి ఇంజనీరును పిలిపించాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లవాడు, మోటారు సైకిలు మీద వచ్చాడు. పది మంది రైతులు గట్టు మీద చేరారు. ఇంజనీరు లామినేషన్ కాగితం తీసుకుని చదివి, పెద్దమ్మ మొహం చూసి, తిరిగి ఇచ్చెయ్యబోయాడట. ఇందులో ఏం లేదమ్మా, ఇంటికి పో అన్నాడట. బాబాయి ఒప్పుకోలేదు. అందరూ వినేట్టు తెలుగులో చెప్పమన్నాడు. ఆ పిల్లవాడికి కూడా ఆ మాట తెలియదు. ఫోన్లో వెతుక్కుని చెప్పాడు. ఊరికే సణుగుతూ ఫిర్యాదులు చేసే మనిషి అని రాశారు, అర్జీ మూసేశారు అని.

"ఇంగ్లీషోళ్ళక్కూడా తెలిసిపోయిందే వదినా, నీ సంగతి" అన్నాడు బాబాయి.

గట్టంతా నవ్వింది. పెద్దమ్మ నవ్వినవాళ్ళ వైపు చూడలేదట. ఎప్పుడు మూశారు అని ఒక్క మాట అడిగింది. ఇంజనీరు తేదీ చెప్పాడు. అప్పీలుకు ముప్పై రోజులు ఇచ్చారని, అవి దాటి పది రోజులైందని కూడా చెప్పాడు. లస్కరు పై తూములు మళ్ళీ ఎత్తాడు. మోటార్లు మొదలయ్యాయి.

ఆమె అక్కడి నుంచి నేరుగా మా స్కూలుకు వచ్చింది. మూడు కిలోమీటర్లు నడిచి వచ్చింది. కాళ్ళకు చేలో బురద ఆరి తెల్లగా పట్టి ఉంది. నేను తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను. వరండాలోకి వెళ్ళాను. గొర్రెలను తలెత్తించే గొంతు ఆ రోజు పక్క క్లాసుకు కూడా వినపడలేదు.

"ఆ మాట నీకు తెలుసా?" అని అడిగింది.

తెలుసన్నాను. ముప్పై రోజుల సంగతి చదివావా అంది. చదివానన్నాను. ఇక్కడి పిల్లలకు బల్ల మీద రాసి చెప్పావంటగా అంది. పక్కింటి పిల్ల నోటు పుస్తకంలో ఉందంట, గట్టు మీద ఆ మాట విన్న ఆ పిల్ల తల్లి దారిలో కలిసి చెప్పిందంట. నీకు బాధ కలుగుతుందని చెప్పలేదు పెద్దమ్మా అన్నాను. ఆ మాట అంటుంటేనే నాకు సిగ్గు వేసింది.

"వాడు నన్ను తిట్టాడు, సరే. వాడెవడో నాకు తెలీదు, వాడికి నేను తెలీదు. తిరిగి తిట్టాల్నా, అప్పీలు పెట్టాల్నా, ఇంట్లో కూర్చుని ఏడవాల్నా, అది నేను చూసుకునేదాన్ని గదా. నాకు కోపం రావాల్సిన రోజున రానీకుండా చేశావే నువ్వు. నా కోపం మీద నీకేంది పెత్తనం?"

అని వెళ్ళిపోయింది. మంచినీళ్ళు ఇస్తానంటే వద్దంది. నేను క్లాసులోకి తిరిగి వచ్చి పాఠం ఎక్కడ ఆపానో వెతుక్కున్నాను. పిల్లలు కిటికీలోంచి అంతా చూశారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నా దగ్గరున్న డిక్షనరీలన్నీ తీశాను. ఆ మాట అర్థం కోసం కాదు, వాడుక కోసం. ఏ డిక్షనరీలో చూసినా ఉదాహరణ వాక్యంలో ఉన్నది ముసలివాళ్ళు, జబ్బు మనిషి, నిద్రకు మారాం చేసే పసివాడు, లేదా ఒక భార్య. నేను బల్ల మీద రాసిన వాక్యం నా సొంతం అనుకున్నాను, అది కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఒక్కచోట కూడా క్వెరులస్ కాంట్రాక్టరు లేడు. క్వెరులస్ సర్పంచి లేడు. బాబాయి తన తూముకు గంటసేపు నీళ్ళు తగ్గితే ఆఫీసుకు ఫోన్ చేసి బూతులు తిడతాడు, దాన్ని ఫాలోఅప్ అంటారు. ఆడది అదే సంగతి మర్యాదగా, అర్జీ రూపంలో, ముద్ర వేయించుకుని అడిగితే దానికి వేరే విశేషణం వెతుకుతారు. బలమున్నవాడు అడిగితే డిమాండు, బలం లేనివాళ్ళు అడిగితే సణుగుడు. ఈ తేడాను ఒక్క మాటలో ఇమిడ్చి, దానికి పాలిష్ పెట్టి, మర్యాదస్తుల భాషలో దాచిపెట్టారు. అలాంటి మాటను నేను పిల్లలకు నేర్పాను, మార్కులు కూడా వేశాను.

ఆ ఆఫీసరు ఆ మాటే ఎందుకు ఎంచుకున్నాడో నాకు బాగా అర్థమైంది. మన భాషలో ఈ సరుకుకు కరువేం లేదు. సణుగుడు, గొణుగుడు, నస, ఏడుపుగొట్టుతనం, ఎన్ని కావాలి. నస మనిషి అని తెలుగులో రాసి ముద్ర వేసి పంపమనండి చూద్దాం. మా పెద్దమ్మ ఆ కాగితం పట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చునేది. పొద్దుగూకే లోపల అతను కుర్చీ వదిలి కిందికి వచ్చి సమాధానం చెప్పాల్సి వచ్చేది. తెలుగులో రాసే ధైర్యం లేక ఇంగ్లీషులో రాశాడు. తిట్టినట్టూ ఉండాలి, తిట్టించుకున్నవాళ్ళకు తెలియకూడదు. చేను చూడకుండానే నీళ్ళు అందుతున్నాయని రాసిన చేతికి అది పెద్ద పనేం కాదు. అయితే ఆ పని పూర్తి కావడానికి మధ్యలో ఇంకొక మనిషి కావాలి, ఇంగ్లీషు తెలిసి, తెలియనట్టు చెప్పే మనిషి. ఆ మనిషి ఆమె ఇంట్లోనే దొరికింది.

మిరప పూత రాలింది. తడిసిన సగం కొంత నిలబడింది, మిగతా సగం నల్లి పట్టి ఆకు ముడుచుకుపోయింది. తొలి కోత అరకొరగా వచ్చింది. రెండో కోత ఉంటుందన్న ఆశ లేదు, ఇంకో తడి పడితే తప్ప. నేను రెండుసార్లు చేనుకు వెళ్ళాను. ఆమె నాతో మాట్లాడలేదని చెప్పను, మాట్లాడింది. ఎండలో నిలబడకు, అన్నం తిన్నావా, ఇలాంటివి. కాలవ సంగతి మాత్రం ఎత్తలేదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది.

నేను ఊరుకోలేక ఒక అప్పీలు రాశాను. గడువు దాటినా తీసుకోమని, అసలు విచారణే జరగలేదని, చక్కటి ఇంగ్లీషులో రెండు పేజీలు. ఆ ఆఫీసరు మాటకు నాలుగు రెట్లు బరువున్న మాటలు వెతికి పెట్టాను. దాన్ని తీసుకుపోయి చేలో ఆమెకు తెలుగులో చెప్పాను. పెద్దమ్మ కాయలు కోస్తూనే అంతా విన్నది.

"అందులో రాసిందే చెప్తున్నావని నాకెట్టా తెలుసుద్ది?" అంది.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆమే చెప్పింది, తెలుగులో రాయమని. దారిన పోయే ఎవరికిచ్చినా చదివేట్టు ఉండాలంది. గడువు ఎందుకు దాటిందో కూడా రాయమంది. ఆ గట్టు మీదే కూర్చుని ఆమె చెబుతుంటే రాశాను. పాతికేళ్ళ తర్వాత తెలుగులో ఒక పేజీ నిండా రాయడం అదే. నా చేతిరాత నాకే కొత్తగా ఉంది. ఒకచోట ఆమె చెప్పినదాన్ని కొంచెం మెత్తగా మార్చి రాయాలని చెయ్యి లాగింది. మార్చలేదు.

ఆ పై సోమవారం నరసరావుపేట కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే గ్రీవెన్సుకు వెళ్ళాం. షామియానా కింద కుర్చీల్లో పెద్ద వరస. మా ముందు నూజెండ్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు, పొలం సర్వే గొడవంట, చంకలో పాస్‌బుక్కుల కవరు. పెద్దమ్మ ఇంకా సంతకం పెట్టలేదు. నా చేతిలోంచి అర్జీ తీసుకుని ఆయనకు ఇచ్చింది. అక్షరం వదలకుండా గట్టిగా చదవమని అడిగింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు. తూములు, మోటార్లు, వారబందీ, ఎండిన మిరప, అన్నీ వరసగా చదివాడు. వరసలో అటూ ఇటూ ఉన్నవాళ్ళు మాటలు ఆపి వింటున్నారు. మాదీ అదే గోడు అని ఒకావిడ అంది.

తర్వాత ఆయన ఇలా చదివాడు. నాకు ఇంగ్లీషు రాదు. మీరు పంపిన కాగితం మా చెల్లెలి కూతురితో చదివించుకున్నాను. ఆమె బళ్ళో ఇంగ్లీషు చెప్పే టీచరు. ఆమెకు అన్నీ అర్థమై కూడా నాకు అబద్ధం చెప్పింది. అందువల్ల గడువు దాటింది.

అక్కడ ఆగి, ఇది కూడా చదవాలా అమ్మా, అందరూ వింటున్నారు అన్నాడు.

"చదువు నాయనా. వినాలనే" అంది పెద్దమ్మ.

ఆయన చివరిదాకా చదివి కాగితం తిరిగి ఇచ్చాడు. పెద్దమ్మ నా దగ్గర పెన్ను తీసుకుని, ముందువాళ్ళ కుర్చీ వీపు మీద కాగితం ఆనించి, నిదానంగా సంతకం పెట్టింది. ఆ చెల్లెలి కూతురు ఏ ఊళ్ళో ఉంటదమ్మా అని ఆయన అడిగాడు. పెద్దమ్మ నా వైపు చెయ్యి చూపించింది.